తిమోతి గురించి రాసిన రెండు వచనాలు

యూత్ లీడర్‌ను ఎన్నుకునే పద్ధతి చాలా క్రైస్తవ సంఘాల్లో ఒకేలా ఉంటుంది. పాట బాగా పాడతాడు, లేదా చక్కగా మాట్లాడతాడు, పిల్లలు అతని చుట్టూ చేరతారు. ఒక ఆదివారం ఆరాధన చివర్లో ముందుకు పిలుస్తారు. పాస్టర్ గారు తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. మరుసటి వారం నుంచి ఆ పిల్లలందరి బాధ్యతా ఆ ఒక్కడిదే. రెండేళ్లు గడిచేసరికి ఆ లీడర్ కనిపించడు. ఒక్కోసారి పరిచర్యతో పాటు సంఘాన్ని కూడా వదిలేసి వెళ్ళిపోతాడు. "మొదట్లో ఎంత ఆసక్తి ఉండేదో" అనుకుని మనం ఇంకొకరిని వెతుక్కుంటాం.

చాలాసార్లు తగ్గింది అతని ఆసక్తి కాదు. అతని పక్కన మనిషి లేడు, అంతే.

యౌవనస్థులకు బాధ్యత అప్పగించేటప్పుడు మనం తప్పకుండా చదివే బైబిల్ వాక్యం మొదటి తిమోతి 4:12. వయసు చూసి ఎవరూ నిన్ను చులకన చేయకుండా చూసుకో, విశ్వాసులకు మాదిరిగా ఉండు అని అపొస్తలుడైన పౌలు తన యువ సహచరుడు తిమోతికి చెప్పిన మాట. అదే పౌలు ఆ తిమోతి గురించే కొరింథు సంఘానికి కూడా రాశాడు. మొదటి కొరింథీయులు 16:10, 11 చూడండి. తిమోతి వస్తే మీ దగ్గర భయం లేకుండా ఉండేలా చూడండి, ఎవరూ అతణ్ని తక్కువ చేయవద్దు, శాంతితో సాగనంపండి అంటాడు. మొదటి మాట లీడర్‌కి, రెండోది సంఘానికి. మొదటిది మనకు కంఠతా వచ్చు. రెండోదాని మీద ప్రసంగం విన్నట్టు నాకైతే గుర్తులేదు.

నేను 23 ఏళ్ల వయసులో యూత్ లీడర్‌నయ్యాను. ఒక రాత్రి మీటింగ్ అయిపోయాక పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు వెళ్ళకుండా కూర్చున్నాడు. "అన్నా, ఎవరికీ చెప్పనని మాటివ్వు" అన్నాడు. ఇచ్చాను. అప్పుడు చెప్పాడు, తనకు బతకాలని లేదని. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మాట ఇచ్చేశాను, ఇప్పుడెవరికి చెప్పాలి? ప్రార్థన చేస్తూ రెండు రోజులు టెన్షన్‌తో గడిపి, చివరికి వాళ్ల అమ్మకు చెప్పాను. దేవుని దయవల్ల బాబు దక్కాడు, మంచి చికిత్స అందింది. కానీ ఆ రెండు రోజుల్లో ఏమైనా జరిగి ఉంటే? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. "అలాంటి మాట ఎందుకిచ్చావు?" అని తర్వాత ఒక పెద్దాయన అడిగారు. ఇవ్వకూడదని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

అందుకే లీడర్ల శిక్షణ ఇక్కడి నుంచే మొదలవ్వాలంటాను. ఎవరికీ చెప్పనని పిల్లలకు ఎప్పుడూ మాట ఇవ్వకూడదు. "నీ విషయం ఊరంతా చెప్పను. కానీ నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగలిగినవాళ్లకి చెప్తాను, నేనూ నీతోనే ఉంటాను" అనాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడగడానికి భయపడక్కర్లేదు. ఆ పిల్లవాణ్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు తల్లిదండ్రులకు చెప్పాలి, వైద్యసాయం అందేలా చూడాలి. హాని ఇంట్లోనే జరుగుతుంటే మాత్రం పిల్లల రక్షణ చూసే అధికారులకు చెప్పాలి. ఇంకా, ఒక పెద్ద మనిషి ఒక్క పిల్లవాడితో తలుపులు మూసిన గదిలో ఉండకూడదు. అర్ధరాత్రి పర్సనల్ మెసేజ్‌లు ఉండకూడదు. మంచివాళ్లకి ఇన్ని నియమాలెందుకని కొందరు నొచ్చుకుంటారు. ఇవి ముందు పిల్లల్ని కాపాడతాయి, తర్వాత ఆ మంచివాళ్లను కూడా కాపాడతాయి.

"దేవుడు పిలిస్తే శిక్షణ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. బైబిల్లో బాలుడైన సమూయేలును పిలిచింది దేవుడే. కానీ ఆ స్వరం ఎవరిదో తెలియక ఆ బాలుడు మూడుసార్లు యాజకుడైన ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఎలా జవాబివ్వాలో ఆ ముసలాయన చెప్పాల్సి వచ్చింది.

శిక్షణ అంటే ఒక శనివారం సెమినార్ కాదు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో యేసు శిష్యుల్ని ఇద్దరిద్దరిగా పంపుతాడు. తిరిగొచ్చాక వాళ్లు చేసినవీ బోధించినవీ అన్నీ ఆయనకు చెప్పుకుంటారు. అప్పుడు ఏకాంతంగా వచ్చి కొంచెం విశ్రాంతి తీసుకోండి అంటాడు. ఇద్దరిగా పంపడం, వినడం, విశ్రాంతి ఇవ్వడం. ఈ మూడింటిలో మనం చేస్తున్నది పంపడం ఒక్కటే. అదీ ఒంటరిగా.

1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ తన సంఘ యౌవనస్థులతో క్రిస్టియన్ ఎండెవర్ అనే యువజన సమాజాన్ని మొదలుపెట్టాడు. అందులో ప్రతి సభ్యుడూ మీటింగ్‌లో ఏదో ఒక పాత్ర తీసుకోవాలి, అది ఒక వాక్యం చదవడమైనా సరే. పనులు చిన్న చిన్న కమిటీలు పంచుకునేవి. భారమంతా ఒక్కరి నెత్తిన పెట్టలేదు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. మన లీడర్లు పాటల నుంచి కుర్చీలు సర్దడం దాకా అన్నీ తామే చేస్తున్నారంటే, పక్కన పిల్లలు ఏమీ నేర్చుకోవడం లేదనే అర్థం.

సంఘం చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి లీడర్‌కీ ఒక పెద్దవారి తోడు, నెలకో గంట. ఆ గంటలో ఎంతమంది వచ్చారని అడగకూడదు, నువ్వెలా ఉన్నావని అడగాలి. ఇద్దరు లీడర్లు, ముందే చెప్పిన కాలపరిమితి, ఏడాదిలో ఒక నెల సెలవు. కోర్సుకో పుస్తకాలకో అయ్యే డబ్బు వాళ్ల జేబులోంచి పోకూడదు.

నేను నాలుగేళ్లకు మానేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. దాదాపు ఏడాది తర్వాత మా సంఘంలో ఒక ఆంటీ ఆరాధన అయ్యాక నన్ను ఆపి, "బాబూ, ఆ రోజుల్లో నీకెలా ఉండేది?" అని అడిగారు. ఆ అబ్బాయి సంగతితో సహా అన్నీ చెప్పాను. చర్చి హాలు ఖాళీ అయింది, ఎవరో లైట్లు ఆర్పడానికి వచ్చారు. ఆవిడ లేవలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఇద్దరు లీడర్లతో నెలకోసారి ఆవిడా నేనూ కూర్చుంటున్నాం. పోయిన నెల ఆ ఇద్దరిలో చిన్నమ్మాయి మొదటిసారి, "ఈ వారం నాకు చేతకావట్లేదు" అంది. ఆ ఆదివారం మీటింగ్ మేం తీసుకున్నాం.