తుఫాను పోయిన మూడో నెలలో మా పల్లెలకి ఎవరూ రారు

ఒడిశా గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్ చుట్టుపక్కల సముద్రం ఒడ్డున ఉన్న మా తెలుగు పల్లెల్లో తుఫాను వెళ్ళిన మర్నాటి నుంచే జనం వస్తారు. అటుకులు, బెల్లం, పాలిథిన్ పట్టాలు, క్లోరిన్ బిళ్ళలు పంచుతారు. ఎన్ని ఇళ్ళు పడ్డాయి, ఎన్ని పడవలు విరిగాయి, ఎవరి వలలు కొట్టుకుపోయాయి అని ఇంటింటికీ తిరిగి రాసుకుంటారు. ఆ కాగితంలో "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అన్న ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా నాకు కనిపించలేదు. నా కోపమంతా అక్కడే.

1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు పది వేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ సరిగ్గా మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికి సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి మరణాలు పదుల్లోనే ఆగాయి. ఈ విషయంలో మన రాష్ట్రాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ బతికి బయటపడ్డవాళ్ళ సంగతి ఏంటి? ఆ సూపర్ సైక్లోన్ చూసిన పిల్లల్ని ఏడాది తర్వాత డాక్టర్లు పరిశీలిస్తే, పది మందిలో ముగ్గురిని ఆ భయం ఇంకా జబ్బుగా పీడిస్తూనే ఉందని తేలింది. ఏడాది తర్వాత! అప్పటికి షీట్లు పంచినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

మా పిన్ని సంగతి చెప్తాను. ఫైలిన్ తర్వాత, టీవీలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని తెల్లవార్లూ గుమ్మంలో కూర్చుంటుంది. గుండె దడ, కాళ్ళు చేతులు తిమ్మిర్లు. మొదటి వారాల్లోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఏం జరిగిందమ్మా అని కూడా అడగకుండా నిద్ర మాత్రలు రాసిచ్చాడు. ఇలాంటి దెబ్బ తగిలిన మొదటి నెలలో ఆ మత్తు మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. తర్వాత ఇంట్లోవాళ్ళు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. దాన్ని నేను తప్పు పట్టను. ఆ రోజు కనీసం నలుగురు ఆమె పక్కన కూర్చున్నారు.

ఆడవాళ్ళు ఒంటి నొప్పులని సెలైన్ పెట్టించుకుంటారు. మగవాళ్ళు తాగుతారు. పడవ పోయి, అప్పు మిగిలి, ఖాళీగా కూర్చున్న మనిషి తాగుతుంటే ఊరంతా తిట్టేవాళ్ళే గానీ, వాడికి ఏమైందని అడిగేవాళ్ళు లేరు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పోగొట్టుకున్న మా చుట్టాల దగ్గరా ఇదే చూశాను. గజపతి జిల్లా కొండల్లోనైతే వానకి తలదాచుకున్నవాళ్ళ మీదే కొండచరియ విరిగిపడింది. ఆ ఊళ్ళో మిగిలినవాళ్ళకి ఇప్పుడు వాన పడితే ఎలా ఉంటుందో!

కరోనా ఇంకో రకంగా కొట్టింది. తుఫానులో పక్కింటివాళ్ళే ముసలివాళ్ళని ఎత్తుకుని షెల్టర్‌కి చేరుస్తారు. అక్కడ అందరం ఒకే నేల మీద పడుకుంటాం, భయం పంచుకుంటాం. కరోనాలో ఆ పక్కింటివాళ్ళే తలుపులు వేసుకున్నారు. 2020 మే నెలలో సూరత్ మరమగ్గాల నుంచి రైళ్ళలో దిగిన గంజాం కుర్రాళ్ళని బడుల్లో క్వారంటైన్‌లో ఉంచారు. ఉంచక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ గడువు అయిపోయి బయటికొచ్చాక కూడా బావి దగ్గర వాళ్ళని దూరం పెట్టడం ఏం న్యాయం? మా వీధిలో ఒకాయన తండ్రి పోతే మోయడానికి నలుగురు రాలేదు, పెద్దకర్మకి ఎవరూ గడప తొక్కలేదు. "నాన్నకి ఏమీ చెయ్యలేకపోయాను" అని ఆయన ఇప్పటికీ అంటాడు. ఆ మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని లెక్క. ఆ లెక్కలో మా వీధి కూడా ఉంది.

"కాలం గడిస్తే అదే సర్దుకుంటుంది" అంటారు చాలామంది. నిజమే, ఎక్కువమందికి సర్దుకుంటుంది. ఇల్లు నిలబడి, పని దొరికి, నష్టపరిహారం వేళకి చేతికొస్తే మరీ తొందరగా. అందుకే పరిహారం డబ్బు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిప్పడం కూడా ఒక రోగం అంటించడమే అంటాను. సర్దుకోనివాళ్ళు ఎవరో తెలియాలంటే మూడో నెలలో ఒకసారి, మళ్ళీ తుఫాన్లొచ్చే అక్టోబరుకి ముందు ఒకసారి ఇంటికొచ్చి అడగాలి. నిద్ర ఎలా ఉంది, తిండి సయిస్తోందా, పనికి వెళ్తున్నారా, చచ్చిపోవాలనిపిస్తోందా అని. బలవంతంగా అంతా చెప్పించక్కర్లేదు, చెప్పినంత వింటే చాలు. ఆ అడిగేది తెలుగులో అడగాలి. మా పెద్దవాళ్ళు ఒడియాలో చేపల బేరం ఆడగలరు గానీ, కడుపులో దుఃఖం చెప్పుకోలేరు.

బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. మనసు బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఈ నంబరు మా ఊరి షెల్టర్ గోడ మీద లేదు. ఈసారి మా ఊరి పల్లిసభలో (ఊరివాళ్ళంతా కూర్చునే గ్రామసభలో) ఆ నంబరు తెలుగులో రాయించమని, తెలుగు వచ్చిన ఆశా దీదీకి ఈ పని నేర్పించమని అడగబోతున్నాను. ఛత్రపురం, గోపాల్‌పూర్, చికిటి వైపు ఉన్నవాళ్ళు మీ పల్లిసభల్లో కూడా ఇదే అడగండి.