నాలుగు నుంచి ఆరు దాకా చవక

మంగళవారం సాయంత్రం నాలుగుంపావు. మన్‌హట్టన్‌లో ఒక బార్ కౌంటర్. అవతలివైపు కుర్రాడు ఎడమ చేతికి మందపాటి గ్లవ్ తొడుక్కుని, ఆల్చిప్ప కీలు దగ్గర పొట్టి కత్తి మొన ఆనించి మణికట్టు తిప్పుతున్నాడు. టక్‌మని చిన్న చప్పుడు. పై చిప్ప ఊడదీసి, కింది చిప్పను పట్టుకున్న కండను కత్తితో కోసి, లోపలి ఉప్పునీరు ఒలికిపోకుండా ఐస్ పొడి మీద కూర్చోబెడుతున్నాడు. వెనక నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంది: ఆయిస్టర్ ఒకటి డాలరున్నర, 4 నుంచి 6 వరకే, డ్రింక్ తప్పనిసరి.

ఆరుంపావుకి వస్తే అదే ఆయిస్టర్ నాలుగు డాలర్లు. ఈ చవక వేళనే ఇక్కడ హ్యాపీ అవర్ అంటారు.

ఆల్చిప్ప అనగానే మనకు స్వాతి చినుకూ ముత్యమూ గుర్తొస్తాయి. తినే ఆయిస్టర్‌ది వేరే జాతి. ఎప్పుడైనా గింజలాంటిది పంటికి తగిలినా నగకు పనికిరాదు. మొదటిసారి నాకు ఒక స్నేహితుడు నమలకుండా మింగెయ్యమని చెప్పాడు. మాత్రకైతే పనికొచ్చే సలహా. రెండు మూడుసార్లు నమిలితేనే ముందు ఉప్పు, దాని వెనక సన్నగా తీపి తెలుస్తాయి. న్యూయార్క్‌లో కనిపించే బ్లూ పాయింట్, వెల్‌ఫ్లీట్ లాంటి తూర్పు తీరం ఆయిస్టర్లన్నీ నిజానికి ఒకే జాతివి. పేరు మార్చేదీ రుచి మార్చేదీ పెరిగిన చోటి నీళ్ళే.

ఇంత తగ్గించి ఎలా అమ్ముతారు? నిన్నటి సరుకేమో అని చాలామందికి అనుమానం. ఆయిస్టర్ ప్లేటులోకి వచ్చేదాకా ప్రాణంతో ఉండాల్సిన జీవి. బస్తా మీద ఎక్కడ, ఏ రోజు తీశారో రాసిన ట్యాగ్ ఉంటుంది, దాన్ని రెస్టారెంట్ 90 రోజులు దాచాలి. కాబట్టి అసలు కిటుకు సరుకులో లేదు, లెక్కలో ఉంది. అద్దె ఇరవై నాలుగు గంటలకూ పడుతుంది. వంటవాళ్ళు మూడింటికే వచ్చేస్తారు. డిన్నర్ జనం ఏడింటికి గానీ రారు. మధ్యలో ఖాళీ స్టూళ్ళను నింపడానికి ఆయిస్టర్‌ను కొన్న ధరకు అటూ ఇటూగా వదిలేసి, లాభాన్ని గ్లాసులో రాబట్టుకుంటారు. ఆ గ్లాసు ధర కూడా ఇష్టమొచ్చినట్టు తగ్గించడానికి వీల్లేదు. మామూలు రేటులో సగానికి దిగకూడదని న్యూయార్క్ రాష్ట్ర చట్టం.

నా బిల్లే చూడండి. డజను ఆయిస్టర్లు 18 డాలర్లు. పది డాలర్ల చొప్పున రెండు గ్లాసుల వైన్. మొత్తం 38. దాని మీద 8.875 శాతం టాక్స్, ఇరవై శాతం టిప్. డాలరున్నర బోర్డు చూసి లోపలికెళ్ళినవాణ్ణి దాదాపు 49 డాలర్లు వదిలించుకుని బయటపడ్డాను. మోసపోయానా అంటే, లేదు. అదే పూట ఏడింటికి కూర్చుంటే ఆయిస్టర్లకే 48 అయ్యేది. ఒక్కటే ఫిర్యాదు. వేరే చోట ఒకసారి హడావుడిగా తీసి ఇచ్చారు, ప్రతి రెండోదాంట్లో చిప్ప ముక్కలు. చవకగా ఇచ్చినప్పుడు ముందు కోత పడేది కత్తి పట్టినవాడి టైమ్‌కే అని అప్పుడు తెలిసింది.

చిత్రమేమిటంటే, ఈ ఊళ్ళో ఆయిస్టర్ ఒకప్పుడు డబ్బున్నవాళ్ళకే పరిమితమైన తిండి కాదు. ఇక్కడి ఆదివాసులైన లెనాపే జనం వేల ఏళ్ళు తిన్నారు. మన్‌హట్టన్ దిగువన ఉన్న పెర్ల్ స్ట్రీట్‌కు ఆ పేరు ముత్యాల నుంచి రాలేదు, అప్పటి ఒడ్డున గుట్టలుగా పడి ఉన్న ఈ చిప్పల నుంచి వచ్చింది. వలస వచ్చినవాళ్ళు ఓడ దిగిన ఎల్లిస్ ఐలాండ్ పాత పేరు లిటిల్ ఆయిస్టర్ ఐలాండ్. పంతొమ్మిదో శతాబ్దంలో నేలమాళిగల్లో నడిచే ఆయిస్టర్ సెల్లార్లకు లెక్కే లేదు. కెనాల్ స్ట్రీట్ ప్లాన్ అని ఒక పద్ధతి ఉండేది: ఆరు సెంట్లకు తిన్నన్ని. కూలీ తినేవాడు, బ్యాంకరూ తినేవాడు.

ఆ సెల్లార్లలో పేరుమోసింది థామస్ డౌనింగ్‌ది. 1791లో వర్జీనియాలో, బానిసత్వం నుంచి విడుదలైన తల్లిదండ్రులకు పుట్టిన నల్లజాతి మనిషి. 1825లో బ్రాడ్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచి, అద్దాలూ షాండ్లియర్లూ కట్టి పెద్దపెద్ద వ్యాపారులను రప్పించాడు. పైన వాళ్ళు ఆయిస్టర్లు తింటుంటే, కింద సెల్లార్లో దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలు దాక్కునేవాళ్ళు. 1866లో ఆయన పోయినప్పుడు నగర చాంబర్ ఆఫ్ కామర్స్‌ను ఒక రోజు మూసేశారు. ఈ ఊరి తిండి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఈయనే.

తర్వాత జరిగింది మురికి కథ, అక్షరాలా. ఒకపక్క విపరీతంగా తవ్వి తీశారు, ఇంకోపక్క పెరుగుతున్న ఊరి మురుగంతా అదే నీళ్ళలోకి వదిలారు. 1924 చలికాలంలో లాంగ్ ఐలాండ్ ఆయిస్టర్ల వల్ల టైఫాయిడ్ అనేక నగరాలకు పాకి సుమారు 1500 మంది మంచాన పడ్డారు, 150 మంది దాకా చనిపోయారు. ఆ దెబ్బతోనే దేశమంతటికీ ఆయిస్టర్ల మీద తనిఖీలు మొదలయ్యాయి. 1927లో నగరంలో మిగిలిన చివరి ఆయిస్టర్ మడినీ మూసేశారు. అంతవరకు గుమ్మం ముందు దొరికిన తిండి అప్పటినుంచీ బయటినుంచి రావాల్సి వచ్చింది. ఇప్పుడు లాంగ్ ఐలాండ్ పెంపకాల నుంచో మసాచుసెట్స్ నుంచో, ఖండం దాటి వాషింగ్టన్ రాష్ట్రం నుంచో ఐస్‌లో ప్రయాణం చేసి వస్తుంది. ఊరు తన నీళ్ళను పాడుచేసుకున్నందుకు కడుతున్న జరిమానా కూడా ఆ నాలుగు డాలర్లలో ఉందని నా లెక్క.

ఆ రకంగా హ్యాపీ అవర్ రోజుకు రెండు గంటలపాటు పాత ధర్మాన్ని తిరిగి తెస్తోంది: అందరికీ ఆయిస్టర్. కానీ అందరికీ అంటే ఎవరికి? వారం మధ్యలో నాలుగింటికి బార్‌లో ఎవరు కూర్చోగలరు? లాప్‌టాప్ మూసేసి మెల్లగా జారుకోగలిగిన నాలాంటివాళ్ళు, టూరిస్టులు, రిటైరైనవాళ్ళు. నర్సుకు ఆ వేళ డ్యూటీ. డెలివరీ కుర్రాడికి గిరాకీ అప్పుడే మొదలు. ఆయిస్టర్లు తీసే కుర్రాణ్ణి మీరెప్పుడైనా హ్యాపీ అవర్‌కి వెళ్తారా అని అడిగాను. "ఆ టైమ్‌లో ఇక్కడే ఉంటాను కదండీ" అని నవ్వి ఇంకోటి అందుకున్నాడు. డబ్బు తగ్గించి టైమ్ అడిగే బేరం ఇది. ఆ వేళ టైమ్ లేనివాడికి డాలరున్నరా, నాలుగు డాలర్లూ ఒకటే.

అందుకే ఈ ఊళ్ళో అసలైన చవక రుచి నా దృష్టిలో పిజ్జా ముక్కదే. దానికి వేళాపాళా లేదు, డ్రింక్ షరతు లేదు, టిప్ లేదు. కాగితపు ప్లేటు మీద పెట్టి చేతికిస్తారు, మధ్యకు మడిచి నడుస్తూ తినెయ్యడమే. పిజ్జా ముక్క ధరా సబ్‌వే టికెట్ ధరా జంటగా పెరుగుతాయని ఇక్కడ 1980 నుంచీ ఒక సరదా సూత్రం ఉంది. డాలరుకే అమ్మే పిజ్జా ముక్కలు వచ్చి కొన్నాళ్ళు దాన్ని తప్పని తేల్చాయి. ఇప్పుడు అవీ చాలాచోట్ల డాలరున్నరకు చేరాయి, టికెట్ 2023లోనే 2.90 అయింది. వీధి బండి మీద చికెన్ రైస్ కూడా ఈ కోవలోదే, అయితే దాని చవక వెనక ఇంకెవరో నలుగుతుంటారు. బండి పర్మిట్ల సంఖ్యకు 1983లో పరిమితి పెట్టారు. నగరానికి రెండేళ్ళకు 200 డాలర్లు కట్టే పర్మిట్, చాటుమాటున చేతులు మారేసరికి వేలల్లో పలికింది.

మళ్ళీ ఆయిస్టర్ దగ్గరికొస్తే, ఒక జాగ్రత్త. నిమ్మకాయ పిండితే క్రిములు చస్తాయనేది ఉత్త నమ్మకం, వైనూ చంపదు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు పచ్చివాటి జోలికి వెళ్ళకూడదు. ఉడికించినవి తినొచ్చు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కింద 1913 నుంచీ ఉన్న ఆయిస్టర్ బార్‌లో పాలూ మీగడా పోసి చేసే ఆయిస్టర్ స్టూ చలికాలంలో పచ్చివాటికంటే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఆరు కాగానే ఒకమ్మాయి వచ్చి నల్లబల్ల తుడిచేసింది. నా ముందున్న ఖాళీ చిప్పలను కుర్రాడు చెత్తలో వెయ్యకుండా వేరే బకెట్‌లోకి దొర్లించాడు. వాటిని బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ వాళ్ళు పట్టుకెళ్తారట. 2014లో మొదలైన ఆ సంస్థ రెస్టారెంట్ల నుంచి చిప్పలు పోగుచేసి, గవర్నర్స్ ఐలాండ్‌లో ఏడాదిపాటు ఎండకూ వానకూ వదిలేసి, వాటి మీద పిల్ల ఆయిస్టర్లను అతికించి రేవు నీళ్ళలో దింపుతుంది. 2035 నాటికి వంద కోట్లు దింపాలని లక్ష్యం. ఎదిగిన ఆయిస్టర్ ఒకటి రోజుకు 190 లీటర్ల దాకా నీటిని వడకట్టగలదు. వాటిని మాత్రం ఎవరూ తినకూడదు. పెద్ద వాన పడితే న్యూయార్క్ మురుగు ఇప్పటికీ పొంగి ఆ నీళ్ళలోకే పోతోంది.