మన్రో సమర్థుడే, కానీ రైతు ఎవరిని అడగాలి?

రాయలసీమ జనం సర్ థామస్ మన్రోను తలచుకున్నంత ప్రేమగా మరో తెల్లదొరను తలచుకోరు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని భక్తులు చెప్పుకుంటారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఒకప్పుడు ఉన్నారు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూసిన ఈ మద్రాసు గవర్నరు సైన్యం నుంచి వచ్చినవాడు. సైనికాధికారులు సివిల్ పాలనకు పనికొస్తారని వాదించేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆయన సమర్థతను నేనూ కాదనను. అయితే ఒక ప్రాంతం బతుకంతా ఒక మనిషి సమర్థత మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా ఆయన కథలోనే కనిపిస్తుంది.

1792లో టిప్పు సుల్తాన్ నుంచి బారామహల్, అంటే నేటి సేలం వైపు ప్రాంతం, ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. అక్కడ శిస్తు వసూలుకు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ మద్రాసు సివిల్ ఉద్యోగులను నమ్మలేదు. వాళ్లలో దేశభాషలు తెలిసినవాళ్లు బాగా తక్కువ. అందుకే కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను, ఆయన కింద మన్రోతో పాటు మరికొందరు సైనికాధికారులను పంపాడు. అంటే సైనికులను తెచ్చింది యుద్ధవిద్య చూసి కాదు. వాళ్లకు భాష వచ్చు, ఊళ్లు తెలుసు, ఎండలో తిరగడం అలవాటు. పాలనకు కావలసిన అర్హత అప్పటికి వాళ్ల దగ్గరే ఉంది.

1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలకు, అంటే దత్త మండలాలకు, మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. డేరాల్లో బస చేస్తూ ఊరూరా తిరిగాడు. పొలాలు కొలిపించి, ఏ భూమి ఎంత పండుతుందో లెక్క కట్టించి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతి నిలబెట్టాడు. అదే రైత్వారీ. ఆయనలోని సైనికుడు కూడా ఈ ఏళ్లలోనే బాగా కనిపిస్తాడు. దాదాపు 80 మంది పాలెగాళ్లను అణచివేయడంలో ఆయన చూపిన కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు.

నన్ను బాగా కలవరపెట్టేది 1807 నాటి సంగతి. సర్వే ప్రకారం శిస్తు పంటలో సుమారు 45 శాతం పడింది. రైతు తట్టుకోలేడని మన్రోకు అర్థమైంది. సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లే ముందు శిస్తును నాలుగో వంతు తగ్గించాలని ప్రభుత్వానికి రాశాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. పైగా రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్లను మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకు ఇచ్చింది. చివరికి ఆ తగ్గింపు ఎప్పుడు దక్కింది? 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాకే. మధ్యలో గడిచిన పదమూడేళ్లు దత్త మండలాల రైతు ఎవరి తలుపు తట్టాలి? అడగడానికి ఒక సభ లేదు, ప్రతినిధి లేడు. తనకు తెలిసిన దొర మళ్లీ రావడమే దిక్కు. ఆ దొర ఇంగ్లండ్‌లోనే ఉండిపోయి ఉంటే?

ఇక 1816 రెగ్యులేషన్ల, అంటే కంపెనీ ప్రభుత్వం చేసిన చట్టాల విషయం. మన్రో పట్టుబట్టి పోలీసును, మేజిస్ట్రేటు అధికారాన్ని జిల్లా జడ్జీల నుంచి తీసి కలెక్టరుకు అప్పగించేలా చేశాడు. శిస్తు, పోలీసు, శిక్ష అన్నీ ఒకే చేతిలో ఉంటే పని త్వరగా జరుగుతుందని ఆయన నమ్మకం. ఇది పటాలం నడిపే పద్ధతి. మన్రో లాంటివాడి చేతిలో అది బాగానే నడిచి ఉండవచ్చు. కానీ అధికారం ఆయనతో పోలేదు, కుర్చీతో ఉండిపోయింది. 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ కమిషన్ బయటపెట్టిన నిజాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. శిస్తు బాకీ పడ్డ రైతులను ఎండలో నిలబెట్టారు, వంచి కట్టేశారు, వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కారు. వసూలు చేసేవాడే పోలీసు కూడా అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చేయాలి? 1859 చట్టంతో పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. మేజిస్ట్రేటు అధికారాల విభజన మాత్రం స్వతంత్ర భారతదేశంలో, 1973 నేర విచారణ స్మృతితో గానీ పూర్తిగా స్థిరపడలేదు.

తప్పంతా సైనిక దుస్తులదే అని నేను అనడం లేదు. 1919లో అమృత్‌సర్ జలియన్‌వాలాబాగ్‌లో జనం మీద కాల్పులు జరిపించిన డయ్యర్ సైనికుడు. ఆయన చేసింది సరైనదేనన్న పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ ఓడ్వయర్ సివిల్ సర్వీసు మనిషి. ఇద్దరిలో ఎవరూ పంజాబీలకు జవాబుదారీ కాదు.

మన్రోకు ఈ లోటు తెలియదని చెప్పలేం. దేశపాలన నుంచి ఆ దేశం మనుషులను ఇంతగా దూరం పెట్టిన విజేతలు చరిత్రలో బహుశా లేరని ఆయనే రాశాడు. పెద్ద పదవులు భారతీయులకు ఇవ్వాలన్నాడు. 1824 డిసెంబరు 31 నాటి మినిట్‌లో, అంటే ప్రభుత్వానికి రాసిన అధికారిక పత్రంలో, భారతీయులు తమను తాము పాలించుకునే రోజు గురించి కూడా మాట్లాడాడు. ఆనాటి దొరల్లో అలా రాసినవాళ్లు అరుదు. అయితే ఆ రోజును ఎప్పుడో రాబోయే యుగానికి నెట్టేశాడు. జనం ముందు మూఢనమ్మకాలు వదిలి, జ్ఞానం తెచ్చుకోవాలట. జనం అర్హత ఇలా పరీక్షకు నిలిచింది గానీ, పాలించే కలెక్టరు అర్హతను జనం పరీక్షించే ఏర్పాటు మాత్రం ఏదీ లేదు.

తర్వాత వచ్చిన స్వపరిపాలన కూడా ఇదే దారిలో నడిచింది. స్థానిక సంస్థలకు వీలైనంతవరకు ప్రభుత్వ ఉద్యోగులు కానివాళ్లే అధ్యక్షులుగా ఉండాలని 1882లో వైస్రాయి రిప్పన్ కోరాడు. 1884 మద్రాసు చట్టంతో జిల్లా బోర్డులు వచ్చాయి, అధ్యక్ష కుర్చీలో మాత్రం కలెక్టరే కూర్చున్నాడు. 1919 సంస్కరణలు మంత్రులను తెచ్చాయి. విద్య, వైద్యం లాంటివి వాళ్లకు ఇచ్చి, భూమి శిస్తును, పోలీసును గవర్నరు దగ్గరే ఉంచారు. భూమి శిస్తు మద్రాసులో ఎన్నికైన మంత్రి చేతికొచ్చింది 1937లో. ఆ రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. జమీందారీ రైతుల గోడు వినడానికి వేసిన విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. అప్పటికీ ఓటు ఆస్తి ఉన్నవాళ్లకు, చదువుకున్నవాళ్లకే ఉంది. భూమి లేని కూలీకి పాలకులను నిలదీసే ఓటు హక్కు దక్కడానికి 1952 ఎన్నికల దాకా ఆగాల్సి వచ్చింది.