సవరణ: స్పెయిన్ అధ్యక్షుడు కాదు, ప్రధాని

చెన్నై తెలుగువారి కోసం తమిళ పత్రికల నుంచి ఇచ్చిన వార్తల్లో పెద్రో సాంచెస్‌ను 'స్పెయిన్ అధ్యక్షుడు' అన్నాం. ప్రధాని అని చదవండి. స్పానిష్‌లో ఆ పదవి పేరు 'ప్రెసిదెంతె దెల్ గొబియెర్నో', అంటే ప్రభుత్వాధ్యక్షుడు. మొదటి మాటొక్కటే పట్టుకుంటే తప్పు పడుతుంది. అక్కడ దేశాధినేత రాజు, ఆరవ ఫెలిపె. ఇటలీలోనూ మంత్రిమండలి అధ్యక్షుడంటే ప్రధానే, దేశాధ్యక్షుడు వేరు. జర్మనీ ఛాన్సలర్‌ని ఛాన్సలర్‌గానే ఉంచాలి, కులపతి అంటే యూనివర్సిటీ పదవి అయిపోతుంది.

తమిళంలో అమెరికా అధ్యక్షుడు 'అదిబర్', మన రాష్ట్రపతి 'కుడియరసు తలైవర్'. అసలు చిక్కు 'ముదల్వర్'తోనే: ముఖ్యమంత్రీ ఆయనే, కాలేజీ ప్రిన్సిపాలూ ఆయనే! పక్కన 'కల్లూరి' (కాలేజీ) అని ఉందేమో చూసుకుని రాయాలి.