రక్తం ఇచ్చేవారు సిక్ లీవు పెట్టుకోవాలా?

రక్తదానానికి వెళ్లాలి, ఒక రోజు సెలవు ఇప్పించండి అని అడిగితే మా ఆఫీసు హెచ్‌ఆర్ వారు చెప్పిన సమాధానం ఇది: అలాంటి సెలవు మన పాలసీలో లేదు, కావాలంటే సిక్ లీవు పెట్టుకోండి. బరువు తూచి, బీపీ చూసి, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని తేల్చుకుని, జ్వరం జలుబు ఏమీ లేవని నిర్ధారించుకున్న తర్వాతే సూది గుచ్చుతారు. అంత ఆరోగ్యంగా ఉన్నవారు మాత్రమే చేయగల పనికి జబ్బు సెలవు పెట్టుకోమనడంలోని వింత వారికి తట్టినట్టు లేదు. అయినా వారినని ఏం లాభం? వారి సెలవుల జాబితాలో అలాంటి గడి లేదు. ఆ గడి తప్పనిసరిగా ఉండాలని ప్రైవేటు యాజమాన్యాలకు ఇంతవరకూ ఎవరూ గట్టిగా చెప్పకపోవడమే నా అభ్యంతరం.

ప్రభుత్వోద్యోగులకు ఈ వెసులుబాటు ఎప్పటినుంచో ఉంది. పనిదినాన గుర్తింపు పొందిన బ్లడ్ బ్యాంకులో రక్తమిచ్చిన కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఆ రోజుకు స్పెషల్ క్యాజువల్ లీవు లభిస్తుంది. ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వంటి వాటిని యంత్రం ద్వారా విడిగా ఇచ్చేవారికి కూడా దీన్ని వర్తింపజేస్తూ, ఏడాదికి నాలుగుసార్లకు మించకూడదన్న పరిమితితో, 2017 డిసెంబరు చివర్లో ఉత్తర్వు వెలువడింది. అవయవదానం చేసిన ఉద్యోగికి 42 రోజుల వరకు సెలవు ఇవ్వాలని 2023లో మరో ఉత్తర్వు వచ్చింది. అంటే శరీరంలోంచి కొంత ఇచ్చిన మనిషికి విశ్రాంతి కావాలన్న సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఆ తెలివిడి ప్రభుత్వ కార్యాలయం గేటు దాటి బయటికి రాలేదు, అంతే.

ప్లేట్‌లెట్లు ఇచ్చి చూసినవారికి ఇది లంచ్ బ్రేక్‌లో ముగించుకొచ్చే పని కాదని బాగా తెలుసు. మన రక్తం గొట్టం గుండా యంత్రంలోకి వెళ్లి, అక్కడ గిర్రున తిరిగి, ప్లేట్‌లెట్లు మాత్రం లేత పసుపు రంగు ద్రవంగా పక్కనున్న సంచిలో చేరుతుంటే, మిగిలినదంతా తిరిగి మన ఒంట్లోకి వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు వల్ల మధ్యలో పెదవులు చిమచిమలాడతాయి. అది గమనించి నర్సు ఒక కాల్షియం మాత్ర చప్పరించమని ఇస్తుంది. పరీక్షలు, నిరీక్షణ, ఆ తర్వాత కాసేపు కూర్చోబెట్టడం, హైదరాబాదు ట్రాఫిక్కు అన్నీ కలుపుకుంటే సగం రోజుకు పైనే పోతుంది. ఇంత చేసి సేకరించిన ఆ సంచి మామూలుగా 5 రోజులు మాత్రమే పనికొస్తుంది. ఆదివారం ఇచ్చినవారి ప్లేట్‌లెట్లతో ఆ పై ఆదివారం దాకా నెట్టుకురాలేం. కీమోథెరపీలో ఉన్నవారికీ, రక్తస్రావమవుతున్న డెంగీ రోగికీ మంగళవారమో గురువారమో అవసరం పడితే, ఆ రోజు ఆఫీసు వదిలి రాగలిగిన మనిషి కావాలి.

మామూలు రక్తదానంలోనూ చిక్కు ఇలాంటిదే. మన దగ్గర శిబిరాలు ఎక్కువగా నాయకుల, హీరోల పుట్టినరోజుల చుట్టూ తిరుగుతాయి. వాటిని చిన్నచూపు చూడను. అభిమానంతోనైనా వచ్చి చెయ్యి చాపేవారు ఉండబట్టే ఎన్నో ఆపరేషన్లు ఆగకుండా జరుగుతున్నాయి. కానీ ఎర్రకణాలు నిల్వ ఉండేది మహా అయితే 42 రోజులు. ఒకసారి ఇచ్చిన మగవారు మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. వందలమంది ఒకే రోజున ఇస్తే, తర్వాతి మూడు నెలలు ఆ వందలమందీ ఒకేసారి అనర్హులవుతారు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసీమియా పిల్లలకు పుట్టినరోజుల క్యాలెండరుతో ఏం పని? వేసవిలో కాలేజీలు మూతపడితే విద్యార్థి దాతలు కూడా దొరకరు. ఏడాది పొడవునా ఏ వారంలోనైనా తీరిక చేసుకుని వెళ్లే వీలు ఉద్యోగులకు ఉంటేనే ఈ ఎగుడుదిగుడు తగ్గుతుంది.

సెలవిస్తే అది ప్రతిఫలం కాదా అని అడిగేవారున్నారు. సరైన ప్రశ్నే. డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతిని సుప్రీంకోర్టు 1996 నాటి తీర్పుతో నిషేధించింది. ఆ నిషేధం 1998 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్వచ్ఛంద దానానికి అంతర్జాతీయంగా ఆమోదించిన నిర్వచనం కూడా, దానానికీ ప్రయాణానికీ సహేతుకంగా అవసరమైనదానికి మించి ఇచ్చే సెలవును ప్రతిఫలం కిందే లెక్కగడుతుంది. అందుకే పోలండ్‌లో మాదిరి రెండు రోజులు ఇవ్వమని నేను అడగను. అది నాకు ఎక్కువే అనిపిస్తుంది. ఇచ్చిన రోజు ఒక్కటి చాలు.

అంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది: సెలవు కోసం తమ జబ్బులు దాచిపెట్టి రక్తమిచ్చేవారు బయల్దేరితే రోగి గతేమిటి? దీనికి ఇటలీ చట్టంలో మంచి విరుగుడు ఉంది. అక్కడ ఉద్యోగులైన దాతలకు 1967 నుంచే జీతంతో కూడిన విశ్రాంతి దినం ఉంది. ఆ రోజు జీతాన్ని యాజమాన్యం సామాజిక బీమా సంస్థ నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు. 2005 నాటి చట్టం ప్రకారం, పరీక్షల్లో పనికిరారని వెనక్కి పంపిన దాతకు కూడా ఆ పరీక్షలకు పట్టిన సమయానికి జీతం కోసుకోరు. నిజం చెప్పినందుకు జీతం పోదు కాబట్టి అబద్ధమాడవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది. అక్కడి దాతల లెక్కలు పరిశీలించిన లాసెతెరా, మాకిస్ అనే ఆర్థికవేత్తలు, ఈ సెలవు ఉన్న ఉద్యోగులు ఏడాదికి సగటున ఒకసారి అదనంగా రక్తమిస్తున్నారని తేల్చారు. మన హిమోగ్లోబిన్ లెక్కలు చూస్తే వెనుదిరిగేవారికి కూడా జీతం దక్కాలన్న నియమం ఇక్కడ మరీ అవసరం. రక్తహీనత వల్ల శిబిరం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయే ఆడవారు మనలో తక్కువేమీ కాదు.

కంపెనీలు తమ ఆవరణలోనే శిబిరాలు పెడుతున్నాయిగా అనవచ్చు. పెడుతున్నాయి. ఫ్రూటీ, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్, బ్యానరు ముందు ఫొటో అన్నీ అయ్యాక దాతను మళ్లీ సీటుకు పంపుతున్నాయి. ఏసీ గదిలో కూర్చునేవారికి అది చెల్లుతుందేమో గానీ, ఆ రోజంతా బరువులెత్తకూడదని చెప్పించుకున్న గోడౌన్ కార్మికుడికీ, నిచ్చెనలెక్కే ఎలక్ట్రీషియన్‌కూ ఎలా చెల్లుతుంది? పైగా ఆ క్యూలో నిలబడే సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వారు ఏజెన్సీ మనుషులు. వారికి ఒక పూట పోతే ఒక పూట కూలి పోయినట్టే. రేపు చట్టమంటూ వస్తే ఈ సెలవు బాధ్యతను ఏజెన్సీ మీదికి నెట్టకుండా, వారితో పని చేయించుకునే అసలు కంపెనీ మీదే పెట్టాలి. లైసెన్సున్న బ్లడ్ బ్యాంకు ఇచ్చిన చీటీ ఒక్కటే రుజువుగా సరిపోవాలి.