కాణిపాకం దండ, బానెట్ మీద గీత

తిరుపతిలో కొత్త కారు కొన్నవాళ్లు ఎక్కువమంది ముందు పోయేది కాణిపాకానికే. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, ఒక గుమ్మడికాయ, కర్పూరం, ముందర మోకాళ్ల దాకా వేలాడే బంతిపూల దండ. దిష్టంతా పోయిందనుకుని బయలుదేరతారు. దండను గ్రిల్‌కు కట్టింది బైండింగ్ వైరుతో అని ఎవరికీ పట్టదు. పూతలపట్టు దాటి హైవే మీద 80 అందుకోగానే దండ గాలికి ఎగిరెగిరి పడుతుంది, తీగ కొస బానెట్ మీద రాత మొదలెడుతుంది. ఊరు చేరేసరికి జానెడు గీత.

తెల్లారి దాన్ని మొదట చూసేది ఓనరు కాదు, ఎదురింటాయన. "ఏంది సామీ, గీత పడిండాదే!"

ఇక విచారణ. పిల్లల సైకిలు, పాలబ్బాయి బండి, గోడ మీది పిల్లి. పిల్లి గోళ్లు నాలుగు గీతలు గీస్తాయి కానీ ఒకటి గీయవు, పాపం దాన్ని వదిలేయొచ్చు. మిగతా అందరినీ "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని నిలదీస్తారు. అసలు ముద్దాయి కాణిపాకం నుంచే వచ్చి, వాడిన బంతిపూల మధ్య నిమ్మళంగా వేలాడుతూనే ఉంటాడు.

తర్వాత వైద్యం. "పేస్టు పెట్టి రుద్దన్నా, పోతాది" అని ఒకరు అనే అంటారు. పేస్టులో ఉండేది సన్నటి రాపిడి పొడి. అది పైపై మరకను తీస్తుంది గానీ గుంతను పూడ్చదు. తెల్ల కారైతే పేస్టు గీతలో ఇరుక్కుని, గీత పోయినట్టే కనిపిస్తుంది, కడిగేదాకా. అందుకని ముందు గోరు పరీక్ష: గీతకు అడ్డంగా గోరు పోనిస్తే తట్టుకుందా, పాలిష్‌తో పోయే గీత కాదు. తట్టకుండా, నీళ్లు చల్లితే మాయమైతే అది రంగు మీద ఉండే పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు. రుద్ది గీతలు తీసే రబ్బింగ్ కాంపౌండ్ చాలు.

కారు పెయింటు మొత్తం మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు, ఒకటి రెండు తలవెంట్రుకలంత. పైన క్లియర్ కోట్, దాని కింద రంగు, ఆ కింద ప్రైమర్, అట్టడుగున తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో ముంచి వేసే పూత. గీత అడుగున బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ దాకా పోయింది. తళతళా మెరిస్తే రేకు తగిలింది, వానాకాలమైతే నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారు. 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు ఎలాగూ ఓనరే పెట్టుకోవాలి. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే సొంత కారు నష్టానికి కట్టే భాగంలో, క్లెయిమ్ లేనందుకు దక్కాల్సిన 20 శాతం బోనస్ కూడా పోతుంది. జానెడు గీతకు ఇది గిట్టే బేరం కాదు.

గీతకు పూసే టచప్ రంగు సీసా కొనేముందు రంగు పేరు కాదు, కోడ్ చూడాలి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీదో, బానెట్ కిందో స్టిక్కర్ ఉంటుంది. "వెండి రంగు ఇయ్యప్పా" అంటే షాపువాడు ఇస్తాడు, అది ఎవరి వెండో వాడికీ తెలీదు. మెటాలిక్ రంగుతో ఇంకో తంటా: స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు అందులోని రేకుల పొడి పరుచుకున్నట్టు బ్రష్‌తో పూస్తే పరుచుకోదు. కోడ్ సరిపోయినా ఒక పక్కనుంచి నల్లగానే కనిపిస్తుంది.

మే నెలలో పది దాటాక తిరుపతి ఎండలో బానెట్ ముట్టుకుంటే వేలు కాలుతుంది. దాని మీద పూసిన రంగు సర్దుకునేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది. నవంబరు ముసురులో పూస్తే క్లియర్ కోట్ తేమ పట్టి పాలలా తెల్లబారుతుంది. ముసురు లేని రోజు చూసి, పొద్దున్నే, నీడలో, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పని పెట్టుకోవాలి. షాంపూతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తీసి, గీతకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేయాలి. రేకు తేలిన చోట ముందు ప్రైమర్, లేకుంటే రంగు పట్టదు. సీసా మూతకున్న బ్రష్ గోడలకు సున్నం వేయడానికి బాగుంటుంది, గీతకు టూత్‌పిక్ కొస మేలు. ఒకేసారి నింపితే ఆరేటప్పుడు కుంగుతుంది. పలచగా మూడు నాలుగు సార్లు, మధ్యలో ఇరవై నిమిషాలు ఆగి, చివర రెండుసార్లు క్లియర్ కోట్. రంగు పక్కకు పోయిందని థిన్నర్ గుడ్డతో తుడిచారా, పొద్దుటి నుంచి పూసిందంతా గుడ్డకు వచ్చేస్తుంది.

పూత చుట్టుపక్కల కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి. వారం ఆగాక 2000 నంబరు వాటర్ పేపరును, అంటే నీళ్లతో రుద్దే సన్నటి గరుకు కాగితాన్ని, పిల్లల రబ్బరుకు చుట్టి, సబ్బునీళ్లతో, ఒత్తకుండా పట్టాలి. తర్వాత 3000, ఆ తర్వాత కాంపౌండ్. కారే నీళ్లు తెల్లగా ఉన్నంతవరకు క్షేమం. కారు రంగు కనిపించిందా, క్లియర్ కోట్ దాటినట్టే, ఆపేయాలి. తెల్ల కారు వాళ్లకు ఈ హెచ్చరిక కూడా దక్కదు. అక్కడ దాటారా, ఇక రేణిగుంట రోడ్డు షెడ్డులో బానెట్ మొత్తం గన్ కొట్టించాల్సిందే. రంగు కొట్టే మూసిన గది, అంటే బూత్ లేని షెడ్డులో వేపచెట్టు కింద ఆరబెడితే రంగులో వేపపూత ఉచితం.

ఇదంతా ఆ వారం దాన్ని ఎవరూ ముట్టకపోతేనే. పూసిన గంటకు అవ్వ వస్తుంది, పిల్లలొస్తారు, ఎదురింటాయన వస్తాడు. "ఆరిండాదా?" అని అందరికీ ఒకటే సందేహం. సాయంత్రానికి క్లియర్ కోట్ మధ్యలో ఒక వేలిముద్ర, గీతలన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. ఎవరి వేలంటే ఎవరూ ఒప్పుకోరు. అందరూ కాణిపాకంలో ప్రమాణానికి సిద్ధం. దండకు కూడా ఎవరో అప్పటికే ఆర్డర్ చెప్పేశారు.