చిన్న దీవి విమానాన్ని దుబాయ్ విమానంతో పోల్చకండి

మారిషస్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ పోస్టులు ఈమధ్య వరసగా చదివాను. సముద్రం సూపర్, హోటల్ సూపర్, ఎయిర్ మారిషస్ విమానం మాత్రం యావరేజ్ అంటున్నారు. ఎందుకయ్యా అంటే దుబాయ్ మీదుగా వెళ్ళినప్పుడు స్క్రీన్ ఇంకా పెద్దదట, తినడానికి ఇంకో నాలుగు రకాలు ఎక్కువ పెట్టారట. అంతవరకు సరే, ఎవరి ఇష్టం వాళ్ళది. ఒకాయన మాత్రం "ఇంత చిన్న దేశానికి సొంత విమానాలెందుకు, దండగ" అని రాశాడు. దాని కింద వందల లైకులు. అది చూశాక ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

మారిషస్ జనాభా పన్నెండు లక్షల చిల్లర. మన విశాఖ నగరంలో ఉన్నంత మంది కూడా లేరు. చుట్టూ హిందూ మహాసముద్రం. రైలో బస్సో ఎక్కి పక్క దేశం వెళ్ళడానికి లేదు. ముంబై నుంచి విమానంలోనే ఆరు గంటలు పైన పడుతుంది. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1968లో. ఎయిర్ మారిషస్ పెట్టుకున్నది 1967లో. అంటే సొంత జెండా కంటే ముందే సొంత విమాన సంస్థ. వాళ్ళకు అది దర్జా కోసం పెట్టుకున్నది కాదు. మనకు ఊరి బయట హైవే ఎంతో, వాళ్ళకు అది అంత.

గల్ఫ్ కంపెనీల లెక్క వేరు. వాటి దగ్గర వందల విమానాలుంటాయి. సగం ప్రపంచాన్ని ఒక ఎయిర్‌పోర్టులో దించి, ఇంకో విమానం ఎక్కించి పంపే వ్యాపారం అది. దీవి విమానం ఎక్కేది మాత్రం ఆ దీవికి వెళ్ళేవాళ్ళు, అక్కడి నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఉన్న కొద్ది విమానాల్లో ఒకటి మొరాయిస్తే ఆ వారం టైమ్‌టేబుల్ అంతా అటూ ఇటూ అవుతుంది. ఇంధనం ఓడలో రావాలి. దిగే చోట వాతావరణం బాగోకపోతే దగ్గర్లో దిగగలిగే చోటు రీయూనియన్ దీవి, తుఫాను వస్తే అదీ మూతపడుతుంది. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు రెండు చోట్లా ఇదే జరిగింది. ఇవేవీ తెలియకుండా ఐదు చుక్కల్లో రెండు చుక్కలు ఇచ్చేస్తే ఎలా?

సొంత విమానం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే నౌరు సంగతి చూడండి. పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల దేశం. ఎరువులకు వాడే ఫాస్ఫేట్ తవ్వి అమ్మిన డబ్బులున్న రోజుల్లో ఎక్కే జనం లేకపోయినా విమానాలు తిప్పారు. అది తప్పే. కానీ డబ్బు అయిపోయాక చివరికి మిగిలిన ఒక్క విమానాన్నీ 2005 డిసెంబరులో బాకీ కింద అమెరికా బ్యాంకు పట్టుకుపోయింది. దేశం మొత్తం దిక్కులేకుండా ఆగిపోయింది. మరుసటి ఏడాది తైవాన్ సాయంతో గానీ మళ్ళీ రెగ్యులర్‌గా విమానం ఎగరలేదు. దండగ అన్నాయనకు ఇది చదివి చెప్పాలి.

నేను ముంబై నుంచి వెళ్ళినప్పుడు నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. మారిషస్ ఆవిడే. చెన్నైలో మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఓపిక వచ్చాక సింహాచలం వెళ్ళి దర్శనం చేసుకుని, ఇంటికి తిరిగి వెళ్తోంది. తెలుగు రాదు. భర్తతో అక్కడి వాడుక భాష క్రియోల్, నాతో ఇంగ్లీషు. కానీ ఒళ్ళో పెట్టుకున్న సంచీలో అప్పన్న స్వామి పటం, పసుపు కుంకుమ పొట్లాలు, ఒక చిన్న ఇత్తడి దీపం కుంది. సంచీ పైన పెడతానమ్మా అంటే ఇవ్వలేదు. ఆవిడ ముత్తాతల కాలంలో కోరంగి రేవు నుంచీ, విశాఖ, గంజాం వైపు నుంచీ చెరకు తోటల కూలీకి ఓడలెక్కి పోయిన వాళ్ళ మనవలే ఇప్పుడు అక్కడి తెలుగువాళ్ళు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. ఓడలో వారాల తరబడి పట్టిన ఆ దారిని ఆవిడ ఎకానమీ క్లాసులో, కాలు కొంచెం చాపుకుని, ఒక పూటలో దాటేసింది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి అడగకుండానే ఆవిడ మోకాలి కింద ఇంకో దిండు సర్ది వెళ్ళింది. అది మీ రేటింగుల్లో ఏ గడిలో వేస్తారు?

అలాగని విమర్శించొద్దని నేను అనను. 2008లో చమురు మండిపోతున్నప్పుడు ఇంధనానికి ఆ ఎక్కువ ధరల మీదే ముందస్తు ఒప్పందాలు చేసుకుని, ధర పడిపోయాక ఎయిర్ మారిషస్ భారీగా నష్టపోయింది. కోవిడ్ రాగానే 2020 ఏప్రిల్‌లో దివాలా తీయకుండా గట్టెక్కించే అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్ళి, 2021 అక్టోబరులో బయటపడింది. జనం డబ్బుతో నడిచే సంస్థలో రాజకీయ నియామకాలు, తొందర నిర్ణయాలు ఉంటే గట్టిగానే అడగాలి. విమానం రద్దయితే ఫోన్ ఎత్తాలి, డబ్బు త్వరగా వెనక్కివ్వాలి. ఏ దేశపు సంస్థకైనా ఇందులో మినహాయింపు లేదు. అడగాల్సినవి ఇవి. ఐస్‌క్రీమ్ ఎందుకు పెట్టలేదని కాదు.

ఇంకోటి, మనవాళ్ళ ప్రవర్తన. వెజ్ అయిపోయిందని సిబ్బంది మీద అరవడం నేను కళ్ళారా చూశాను, ఏ కంపెనీ అన్నది అనవసరం. ఆ అరిచినాయన బుక్ చేసుకున్నది 'హిందూ మీల్'. చాలా ఎయిర్‌లైన్స్‌లో దాని అర్థం బీఫ్ ఉండదనే గానీ శాకాహారమని కాదు, చికెనో మటనో రావచ్చు. శాకాహారం కావాలంటే 'ఏషియన్ వెజిటేరియన్' అని ముందే పెట్టుకోవాలి. ఆ ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వయసు ఆయన కూతురంత ఉంటుంది. నిలబడి సారీ చెబుతూనే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. నవంబరు నుంచి మే సగం దాకా అక్కడ తుఫానుల కాలం. ఆ నెలల్లో వెళ్తే, ముంబైలో దిగిన రెండు గంటలకే హైదరాబాద్ విమానం పెట్టుకుని టెన్షన్ పడకండి. వీలైతే రెండూ ఒకే టికెట్ మీద తీసుకోండి, లేదంటే మధ్యలో ఒక రాత్రి ఉంచుకోండి.